సంచుల దగ్గర కూర్చునేవారి కోసం

కిందటి ఏడాది క్రిస్మస్ సెలవుల్లో హైదరాబాద్ శివార్లలోని ఒక థీమ్ పార్కుకు వెళ్లినప్పుడు మా అమ్మ నాలుగు గంటలసేపు సంచుల దగ్గర కూర్చుంది. సరైన బల్ల కూడా లేదు. చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు గట్టు మీద, పిల్లల తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుని, మా చెప్పులు వరుసగా సర్దుకుని కూర్చుంది. మేము తడిసిన జుట్టుతో తిరిగి వచ్చేసరికి ఎండ ఆమె మొహం మీదికి జరిగి ఉంది. "బాగా ఆడుకున్నారా?" అని మాత్రం అడిగింది. ఆమెకూ మాతోపాటే టికెట్ కొన్నాం. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది.

అందుకే ఈసారి ఖమ్మం నుంచి బయలుదేరే ముందే ఒకటి నిర్ణయించుకున్నాను. పండుగ రోజుల్లో ప్రతి పార్కూ ఏదో ఒక సంబరం చేస్తుంది. ఏ సంబరంలో డెబ్బై దాటిన, మోకాళ్ల నొప్పులున్న మనిషికి చోటుందో చూడాలి. ఎత్తైన రైడ్లు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎక్కనివాళ్ల గురించి చెప్పేవాళ్లే తక్కువ.

మావాడు తొమ్మిదో తరగతి. మిషనరీ స్కూలు కాబట్టి క్రిస్మస్‌కు అయిదు రోజులు సెలవులిచ్చారు. మా ఆయనకు సెలవు దొరకలేదు. అమ్మ, నేను, వాడు సూర్యాపేట మీదుగా బస్సులో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చెల్లెలి ఇంటికి చేరాం. దారిలో అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఫిల్మ్ సిటీ ద్వారం కనిపించగానే మావాడు "అమ్మమ్మా, ఎల్లుండి ఇక్కడికే" అని కిటికీలోంచి చూపించాడు. "అయితే ఇప్పుడే దిగిపోదాం" అంది అమ్మ. ఆమె ఉత్సాహం చూసి నాకు ధైర్యం వచ్చింది.

డిసెంబరు 26న రావిర్యాలలోని వండర్‌లాకు వెళ్లాం. అవుటర్ రింగు రోడ్డు పక్కనే ఉండటంతో దారి సులువే. కొచ్చి, బెంగళూరు తర్వాత ఆ సంస్థ కట్టిన మూడో పార్కు ఇది. 2016లో తెరిచారు. పిల్లలు కలలు కనేది రికాయిల్ అనే రోలర్ కోస్టర్ గురించి. మావాడూ మా మరిదీ దాని వరుసలోకి వెళ్లిపోతే మేము కింద నిలబడి చూశాం. రైలును ముందుగా వెనక్కి లాగుతూ పైకి ఎక్కిస్తారు. అక్కడ ఒక్క క్షణం ఆగి, వదిలేస్తారు. మెలికల్లో తలకిందులై తిరిగి, ఎదురుగా ఉన్న రెండో శిఖరం ఎక్కుతుంది. అంతటితో అయిపోయిందనుకునేలోపు అదే దారిలో, ఈసారి వీపు ముందుగా, మళ్లీ మొదటికి వస్తుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. "పిల్లవాణ్ణి చుట్టచుట్టి విసిరేసినట్టుందే" అంది. దిగిన మావాడి మొహం చూశాక ఆమే వాణ్ణి రెండోసారి పంపింది.

నీళ్ల వైపు మాత్రం అమ్మకు దారి లేదు. అలల కొలనులోకి దిగాలన్నా, జారుడు గొట్టాల్లోకి వెళ్లాలన్నా నైలాను వంటి ఈత దుస్తులే ఉండాలి. నూలు బట్టల పీచు నీటిని వడకట్టే యంత్రాల్లో చేరుతుంది, తడిసి బరువెక్కిన గుడ్డ గొట్టాల్లో చిక్కుకుంటుంది. నియమం మన మంచికే. కానీ చీర తప్ప మరొకటి కట్టని మనిషికి దాంతో సగం పార్కు మూసుకుపోతుంది. పైగా డిసెంబరు చలి. మా చెల్లెలి కూతురు అయిదో తరగతి పిల్ల, పది నిమిషాలకే పళ్లు టకటకలాడిస్తూ వచ్చి నా శాలువాలో దూరింది. చలికాలంలో పార్కులు పాటల మీద, ప్రదర్శనల మీద అంత శ్రద్ధ పెట్టడానికి ఈ చలి కూడా ఒక కారణమని నాకనిపించింది.

క్రిస్మస్ హంగు అక్కడ బాగుంది. అలంకరించిన పెద్ద చెట్టు, ఎర్ర టోపీలు పెట్టుకుని పిల్లల చేతుల్లో చాక్లెట్లు పెట్టే శాంటా, సాయంత్రం పాటలు, నాట్యాలు. అమ్మకు ఆ చివరి గంటన్నర నచ్చింది. అయితే అక్కడ పండుగ రైడ్ల చుట్టూ కట్టిన తోరణం లాంటిది. అసలు విషయం రైడ్లే. పద్నాలుగేళ్ల పిల్లలున్న ఇల్లయితే ఇంకేమీ ఆలోచించకుండా అక్కడికే వెళ్లండి. పెద్దవాళ్లను తీసుకెళ్తే మధ్యాహ్నం నుంచి వెళ్లడం మేలు. పొద్దున్నించీ కూర్చోబెడితే, పాటలు మొదలయ్యే వేళకు వాళ్లు అలసిపోతారు.

మర్నాడు రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఈ నగరం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇది నిర్మించిన రామోజీరావు 2024 జూన్‌లో కన్నుమూశారు. చలికాలం ఉత్సవాలు ఇక్కడ డిసెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగుతాయి. ఆ రోజుల్లో చీకటిపడ్డాక కూడా సందర్శకులు ఉండవచ్చు. దూరాలు పెద్దవైనా లోపల తిప్పడానికి బస్సులున్నాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అంతకన్నా పెద్ద వరం ఏముంటుంది? కిటికీ పక్కన కూర్చున్న అమ్మ ముందు నుంచి ఉత్తరాది వీధి, విదేశీ వీధి, రైల్వే స్టేషను, జైలు ఒకదాని వెనక ఒకటి కదిలిపోయాయి. ఒక మేడ పక్కగా బస్సు మలుపు తిరిగినప్పుడు దాని వెనక గదులేమీ లేవని, ముందు గోడ ఒక్కటే ఉందని కనిపించింది. "ఇన్నాళ్లూ ఈ గోడల్ని చూసే ఏడ్చామా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

ఆ రోజు నాకు అన్నిటికన్నా గుర్తుండేది మూడు హాళ్లలో జరిగే ఒక ప్రదర్శన. సినిమా ఎలా తయారవుతుందో చూపిస్తారు. మొదటి హాల్లో ప్రేక్షకుల్లోంచి ఒకమ్మాయిని పిలిచి కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టి, బండిని ఊపుతూ షూటింగ్ చేశారు. రెండో హాల్లో శబ్దాలు. అక్కడా చూసేవాళ్లలోంచే కొందరిని పిలిచారు. మా చెల్లెలి కూతురు రెండు చేతులూ ఊపుతూ "మా అమ్మమ్మ, మా అమ్మమ్మ" అని అరిచింది. నిర్వాహకుడు నవ్వి అమ్మను పిలిచాడు. నేను చేయి పట్టుకుని రెండు మెట్లు ఎక్కించాను. ఆమె చేతిలో రెండు కొబ్బరి చిప్పలు పెట్టి, పలక మీద కొట్టమన్నాడు. గుర్రం నడక, ఆ తర్వాత పరుగు.

అమ్మ మొదట మెల్లగా కొట్టింది. టక్, టక్. ఆ కుర్రాడు చెయ్యి ఊపి వేగం పెంచమన్నాడు. రోట్లో పచ్చడి నూరేటప్పుడు భుజం ఎలా కదులుతుందో అలా కదిలింది ఆమె భుజం. పెదవులు బిగించి, తల కాస్త పక్కకు వంచి, తను చేస్తున్న శబ్దాన్ని తనే వింటూ కొట్టింది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మూడో హాల్లో ఆ అమ్మాయి బండి తెర మీద అడవి దారిలో దూసుకుపోతుంటే, వెనక అమ్మ చేతి శబ్దం. "నా గుర్రం కాస్త ముందు పరుగెత్తింది" అని అమ్మ నాతో గుసగుసగా అంది. నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రం కార్నివాల్ ఊరేగింపు. ఇలాంటివి చూడాలంటే అరగంట ముందే వెళ్లి దారి అంచున కూర్చోవాలి. అలాగే చేశాం. అలంకరించిన బండ్లు, బఫూన్లు, మోళీ చేసేవాళ్లు, రంగురంగుల రెక్కలు కట్టుకున్న నాట్యగత్తెలు. కొయ్యకాళ్ల మీద నడిచే ఒక మనిషి మా ముందు ఆగాడు. దగ్గర నుంచి చూస్తే మొహానికి పూసిన తెల్లరంగులోంచి చెమట చార కిందికి జారుతోంది, పొడవాటి పంట్లాం లోపల కొయ్యకు చుట్టిన గుడ్డ కట్లు కనిపిస్తున్నాయి. అంత ఎత్తు నుంచి నడుము వంచి అమ్మకు చేయి అందించాడు. ఆ వంపులో ఒక్క అడుగు తప్పితే పడిపోతాడు. అయినా వంగాడు. పండుగ రోజుల్లో రోజూ అంత దూరం, అంత జనంలో నడిచే ఆ కళాకారుల పేర్లు మనకు తెలియవు. చప్పట్లయినా గట్టిగా కొట్టాలి. ఊరేగింపు వెళ్లిపోయాక చెట్లన్నిటికీ దీపాలు వెలిగాయి.

నన్నడిగితే, థీమ్ పార్కుల సంబరాల్లో కుటుంబం మొత్తం కలిసి చూసేది ఈ ఊరేగింపే. రైడ్లో ఎవరి కేక వాళ్లది. ఊరేగింపు ముందు మనవరాలూ అమ్మమ్మా ఒకే వైపు చూస్తారు. పిల్లలు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్ కూడా అడిగారు కానీ, లోపల చలి సున్నా కన్నా అయిదు డిగ్రీలు తక్కువ. అమ్మ మోకాళ్లు తలచుకుని వద్దన్నాను.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వచ్చాం. పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాలు, శిల్పారామంలో గంగిరెద్దులు, హరిదాసులు చూశాం. ఈ రాక మాత్రం ముఖ్యంగా నుమాయిష్ కోసం, అంటే నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్ కోసం. దాన్ని థీమ్ పార్కు అనకూడదని మా మరిది వాదన. జెయింట్ వీల్ ఉంది, బొమ్మ రైలుంది, తిండి ఉంది, ఇంతకన్నా ఏం కావాలని నా వాదన. వండర్‌లాకూ ఫిల్మ్ సిటీకీ లేని వయసు కూడా దీనికుంది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని మొదలుపెట్టింది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు జరుగుతుంది. వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. మా చెల్లెలు డిగ్రీ చదివిన సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వాటిలో ఒకటి. "జనవరి వచ్చిందంటే మాకు క్లాసులో మనసు నిలిచేది కాదు. మిరపకాయ బజ్జీలు కొన్న డబ్బులతోనే మా కాలేజీ నడిచింది" అంటుంది చెల్లెలు. ఆ మాట విన్నాక నేను బజ్జీలు మరో ప్లేటు తీసుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి గాంధీభవన్ స్టేషనుకు మెట్రోలో రైలు మారే పని లేదు. వృద్ధులతో వెళ్లేవాళ్లు సాయంత్రం తలుపులు తెరిచే వేళకే లోపల ఉండాలి. ఏడు దాటితే అడుగు వేయడం కష్టం. కశ్మీరు అంగడిలో అమ్మ అక్రూట్ కాయ పగలగొట్టించుకుని చూసి కొంది. లక్నో చికన్ కుట్టుపని చీర మడత విప్పించి, వెనక వైపు దారపు ముళ్లు ఎలా ఉన్నాయో వేలితో తడిమి చూసి, ధర మూడుసార్లు తగ్గించి అడిగింది. పార్కుల్లో ఎక్కడా ఆమె ఇంత అధికారంగా నడవలేదు. సంచులు మోసుకుంటూ ఆమె వెనక మేము తిరిగాం.

తర్వాత మౌత్ కా కువా, అంటే మృత్యుకూపం ఆట ముందు ఆగిపోయింది. చెక్క పలకలతో కట్టిన గుండ్రటి పెద్ద బావి అది. చూసేవాళ్లు మెట్లెక్కి పై అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తారు. మోటారు సైకిలు అడుగున చుట్లు కొట్టి వేగం అందుకుని నిలువు గోడ మీదికి ఎక్కుతుంది. ఆ వేగమే మనిషిని గోడకు అదిమి ఉంచుతుంది, తగ్గితే కిందికి వచ్చేస్తాడు. చిన్నప్పుడు తమ ఊరి దగ్గర జాతరలో వాళ్ల నాన్న తనను భుజం మీద ఎత్తుకుని దీన్ని చూపించాడని అమ్మ చెప్పింది. ఈ మాట నేను అంతవరకూ వినలేదు.

మెట్లు నిటారుగా ఉన్నాయి. "వద్దమ్మా, మోకాళ్లు" అన్నాను. మావాడు ముందు, మా మరిది వెనక, ఒక్కో మెట్టు మీద ఆగుతూ ఎక్కించారు. చెల్లెలూ నేనూ సంచులతో కింద నిలబడ్డాం. ఇంజను మోత మొదలైంది, పలకలు అదిరాయి, పైన జనం కేకలు పెట్టారు. ఆట అయిపోయి అందరూ దిగారు, మా వాళ్లు తప్ప. కాసేపటికి మావాడొక్కడే పరుగెత్తుకుంటూ కిందికి వచ్చాడు.

"అమ్మా, ఇంకో మూడు టికెట్లు కావాలి. అమ్మమ్మ రెండో ఆట కూడా చూస్తుందట. బండివాడికి తన చేత్తోనే పది రూపాయల నోటు అందిస్తుందట, చిల్లర ఉందా?"