అరణియార్ నీళ్లు చేరే చోటు

మా నాయన పిచ్చాటూరు అరణియార్ ప్రాజెక్టు మీద ముప్పై రెండేళ్లు లస్కరుగా పనిచేశాడు. వానలప్పుడు షట్టర్లు ఎత్తడం, దించడం. ఎండాకాలం కాలువల వెంబడి తిరిగి తూములు చూసుకోవడం. పొద్దున లేస్తూనే స్కేలు మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం. నిండుమట్టం 281 అడుగులు. మా ఇంట్లో పలకా బలపం పట్టకముందే పిల్లలకి ఆ అంకె వచ్చేది.

చిన్నప్పుడు షట్టరు కింద నురగలు కక్కుతూ దూకే నీళ్లను చూసి, "ఇవి యాడికి పోతాయి నాయనా?" అని అడిగేదాన్ని. "సురుటుపల్లి శివుడి పక్కనించి ఊత్తుకోట పోయి, అట్నే తమిళోళ్ల ఊర్లన్నీ తిరిగి పులికాట్లో పడతాయి పాపా" అనేవాడు. ఆ పులికాట్ సరస్సును ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. వానాకాలం డ్యూటీ వదిలి కదలడానికి లేదు. వానలు లేనప్పుడు అక్కడికి పోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఇప్పుడాయనకు డెబ్బై నాలుగు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పిచ్చాటూరు, సూళ్లూరుపేట, తడ అన్నీ తిరుపతి జిల్లాలోకే వచ్చేశాయి. మన జిల్లా సరస్సును మా నాయనకు చూపించకపోతే ఎట్లా అని, మొన్న సంక్రాంతి సెలవుల్లో కారు మాట్లాడుకుని బయల్దేరాం. ఇద్దరమే.

తిరుపతిలో నాలుగున్నరకు ఎక్కితే, నాయుడుపేట దాటి నేలపట్టు చేరేసరికి బాగా తెల్లారింది. చెరువులో నీటికడప చెట్లు నడుముదాకా నీళ్లలో మునిగి ఉన్నాయి. కొమ్మ కొమ్మకీ గూడబాతులే. ముక్కు కింద సంచి వేలాడేసుకుని, పిల్లలకు చేపలు పెడుతున్నాయి. పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. రెట్ట వాసన ఘాటుగా ఉంది. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువని ఇక్కడి రైతులు ఈ పక్షుల జోలికి పోరు. నాయన మాత్రం పక్షులకంటే చెరువు కట్టనే ఎక్కువసేపు చూశాడు. "కట్ట బాగా పెట్టుకున్నారు" అన్నాడు. ఆయన నోట అది చిన్న మెప్పు కాదు.

అక్కణ్ణించి తడ పక్కన భీములవారిపాలెం పడవల రేవుకు పోయాం. ఇరకం దీవికి పోయే పడవలు ఇక్కణ్ణించే కదులుతాయి. మా పడవలో దీవి జనమే ఎక్కువ. ఒకామె కాళ్ల దగ్గర బియ్యం మూట, గ్యాస్ సిలిండరు. వాళ్ల మాట తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది, మళ్లీ తెలుగులోకి వస్తుంది. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నాయన తన జాకెట్ తాడును మూడుసార్లు బిగించి కట్టుకున్నాడు. నీళ్లతో బతికిన మనిషి నీళ్లంటే భయం పోగొట్టుకోడు.

ఒడ్డు చిన్నదవుతూ పోయింది. నాలుగు వైపులా నీళ్లు, నీళ్లూ ఆకాశమూ ఒకే బూడిద రంగు. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిల్కా తరవాత పెద్దది ఇదే. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంది కాబట్టే ఇది సరస్సయింది, లేకపోతే బంగాళాఖాతమే. ఇంత పెద్ద నీటిని చూస్తే లోతు తలుచుకుని నాకు గుండె కొంచెం జారింది. సరిగ్గా అప్పుడే పడవ జర్రుమని ఆగిపోయింది.

బురదలో కూర్చుంది.

పడవతను కంగారు పడలేదు. మోటారును పైకి లేపి, పడవ పొడుగునా పడుకోబెట్టిన గెడ తీసి నీళ్లలో దించాడు. అది ఎంతోసేపు దిగలేదు. పైకి తీసి చూపించాడు. కింద జానెడు నల్లటి బురద, దానిపైన తడి గీత మోకాలి ఎత్తు దగ్గర ఆగింది. "భయపడబాకక్కా, ఈడ మోకాలి లోతే. దిగి నడిచి పోవచ్చు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సరస్సు మొత్తం మీద సగటు లోతు మీటరు దరిదాపుల్లోనే ఉంటుందట. కనుచూపు మేరంతా నీళ్లు, మనిషి లేచి నిలబడితే చాలాచోట్ల మొలదాకానే. ఆ గెడను చంకకింద ఆనించి, పడవ అంచు మీద వెనక్కి నడుస్తూ తోశాడు. నాలుగు తోపులకు కదిలింది.

నాయన గెడ మీది బురదను వేలితో తీసి నలిపి చూశాడు. "ఒండ్రు" అన్నాడు. తరవాత, "పూడిక ఎవురూ తియ్యరా?" అని అడిగాడు.

పడవతను ఎక్కువ మాట్లాడింది అప్పుడే. "పూడిక ఈడ కాదు పెద్దాయనా, ముఖద్వారాల కాడ" అని మొదలుపెట్టాడు. ఉత్తరాన రాయదొరువు దగ్గర, తూపిలిపాళెం దగ్గర సముద్రం నీళ్లు లోపలికి వచ్చే దారులున్నాయి. అలలు తీరం వెంబడి ఇసుక మోసుకొచ్చి వాటిని పూడ్చేస్తాయి. దారి పూడితే సముద్రం నీళ్లు రావు. వాటితోపాటు వచ్చే రొయ్య పిల్ల, చేప పిల్ల రావు. ఎండాకాలానికి మన వైపు సరస్సు మైళ్లకు మైళ్లు ఎండి బీటలు వారుతుంది. పూడిక తీయమని జాలర్లు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. "సముద్రం ఇసకేస్తే ఏర్లు దాన్ని తొయ్యాల. ఏర్లకు బలం యాడుంది? పైన ఆనకట్టలు కట్టుకుని నీళ్లు ఆపేస్తిరి."

నాయన ఎక్కడ పనిచేశాడో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. నాయన కూడా చెప్పలేదు. చేతికున్న ఒండ్రును నీళ్లలో కడుక్కుంటూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇరకం కనపడుతున్నప్పుడు నా వైపు తిరిగి అన్నాడు: "ఇది రెండు తూములుండే చెరువు పాపా. పైనించి మేం ఇయ్యాల, కిందనించి సముద్రం ఇయ్యాల. ఏది మూసినా చెరువు చచ్చిపోతాది." ఇంజనీర్లు ఇన్ని పేజీల్లో రాసే సంగతి ఇంతేనని నాకు అనిపిస్తుంది.

దీవిలో నడక ఇసుక దారిలోనే. తాటిచెట్లు, సర్కారు తుమ్మ, ఎండేసిన వలలు. చెప్పులు చేత పట్టుకుని నడిచాం. ఒక ఇంటి వెనక నాయన ఆగిపోయాడు. ఇసుకలో చిన్న గుంత, మనిషి వంగి ముంచుకునేంత లోతు, అడుగున తేటగా నీళ్లు. దొరువు. ఇంటామె సత్తు చెంబుతో ముంచి ఇచ్చింది. నాయన గుక్క తాగి ఆమె ముఖంలోకి చూశాడు. నేనూ తాగాను. తియ్యటి నీళ్లు! చుట్టూ ఉప్పు సరస్సు, అవతల సముద్రం, మధ్యలో ఇవి. వాననీళ్లు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటే తేలిక కాబట్టి దాని మీద తేలి నిలబడతాయి. పైపైన ముంచుకుంటే తియ్యన. ఆశపడి లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. "ఎంత లోతు తవ్వాలో ఎట్లా తెలుస్తాది?" అని నాయన అడిగితే, "మా అత్త చెప్పింది" అంది ఆమె. ఆమె నీడలో కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చింది. మేం తెచ్చుకున్న చిత్రాన్నం ఆమె పిల్లలతో కలిసి తిన్నాం.

సాయంత్రానికి సూళ్లూరుపేట తిరిగొచ్చి శ్రీహరికోట రోడ్డు పట్టాం. సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు అది, రాకెట్ కేంద్రానికి పోయేది. అటకానితిప్ప దగ్గర దిగి, నీళ్లు వెనక్కి తగ్గిన చోట బురద అంచుదాకా నడిచాం. దూరంగా ఫ్లెమింగోలు వరసగా, తల నీళ్లలో తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి. తినే నాచులోని రంగే వాటి ఒంటికి ఎక్కుతుంది. పిల్లలు మాత్రం బూడిద రంగులోనే ఉన్నాయి. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ ఉప్పునేలల్లో.

మా కాళ్ల దగ్గర ఆరీఆరని బురదలో గుండ్రటి గుర్తులు కనపడ్డాయి. తిరగలి చుట్టూ పిండి రాలినట్టు చుట్టూతా గాడి, మధ్యలో చిన్న దిబ్బ. ఒకటి కాదు, పదులకొద్దీ. మొదట ఎవరో పిల్లలు ఆడుకున్నారనుకున్నా. బురద అంచున మేస్తున్న ఒక పక్షిని కదలకుండా చూశాక అర్థమైంది. తల ఒకేచోట ఉంచి, కాళ్లతో బురద తొక్కుతూ చుట్టూ తిరుగుతోంది. పైకి లేచిన పురుగూ పుట్రా ముక్కుతో వడగట్టుకుంటోంది. తిరగడం అయిపోయాక మిగిలేది ఆ గుర్తు. నాయన గొంతుక్కూర్చుని ఒక గుర్తును జానలతో కొలిచాడు. ఐదు జానలొచ్చింది.

పొద్దు గూకింది. పక్షులు గొంతులు కలిపి బాతుల్లా కూస్తున్నాయి. కారు దగ్గరికి నడుస్తూ నాయన ఫోను తీసి, ప్రాజెక్టు మీద ఇప్పుడు పనిచేసే కుర్రాడికి కలిపాడు.

"ఏమబ్బా, ఈ పొద్దు మట్టం ఎంత? కిందికి ఎంత వదల్తావుండారు?"