మడవక్కర్లేని మంచం

పాత ఇల్లు అమ్మేశాం. కొత్త ఇంటి పని పూర్తి కావడానికి ఇంకో పది నెలలు పడుతుంది. ఈ మధ్యకాలం మోటార్‌హోమ్‌లో, అంటే లోపలే పడకలూ వంటా ఉండే బండిలో, ఉందామనుకున్నాం. కొత్తది మా స్తోమతకు మించినది కాబట్టి వాడిన బండ్లు వెతకడం మొదలుపెట్టాం. మొదటి బండి ఎక్కగానే మా తొమ్మిదేళ్ల పాప అడిగింది: "అమ్మా, ఇందులో నా మంచం ఏది?"

చూపించడానికి మంచం లేదు. 'ఆరుగురు పడుకోవచ్చు' అని ప్రకటనలో రాసిన బండ్లలో సగం పడకలు రాత్రి భోజనాల బల్ల దించి, దిండ్లు పరచి చేసుకునేవే. వారం రోజుల సెలవులకు అది సరదాగానే ఉంటుంది. నెలల తరబడి ఉండాలంటే మాత్రం పొద్దున్నే పిల్ల పక్క తీస్తే తప్ప ఎవరికీ కూర్చునే చోటుండదు. మా పిల్లలు బడిలో ఒక భాష, మాతో ఒక భాష మాట్లాడతారు. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక నా ముఖం చూస్తారు. తమదని చెప్పుకోవడానికి ఒక్క మూలైనా స్థిరంగా ఉండాలని నేను పట్టుబట్టాను. ఇక ఆ తర్వాత బంకు మంచాలున్న, అంటే ఒకదానిపై ఒకటిగా బిగించిన పడకలున్న, బండ్లే చూశాం.

పడకలెన్నో సీటు బెల్టులూ అన్నే ఉంటాయనుకోకూడదు. ఆరు పడకల బండిలో నాలుగే బెల్టులుండవచ్చు. పక్కకు తిరిగి ఉండే సీట్లు ప్రయాణంలో పిల్లలకు క్షేమం కాదు. మా బాబు కారు సీటును వెంట తీసుకెళ్లి, ప్రతి బండిలోనూ బిగించి చూశాం.

బాగా నచ్చిన ఒక బండిని చెమ్మ వల్ల వదులుకున్నాం. లోపలంతా సువాసన చల్లారు గాని, అల్మరా తెరిస్తే ముక్కిన వాసన కొట్టింది. పైకప్పు మూలలు, కిటికీల కింది అంచులు వేలితో నొక్కితే గోడ మెత్తగా లోపలికి దిగింది. గోడలోని చెక్క కుళ్లిపోయినా పైన కొత్త కాగితం అంటించి దాచేయవచ్చు. బాబుకు ఉబ్బసం ఉంది. బూజు పట్టిన గోడ పక్కన వాణ్ణి పడుకోబెట్టలేను. అప్పటి నుంచి తేమ కొలిచే చిన్న మీటరు లేకుండా ఏ బండీ చూడలేదు.

టైర్ల గాడులు లోతుగా ఉన్నాయని తృప్తి పడకండి. టైరు పక్క భాగం మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఎక్కువకాలం కదలకుండా ఉన్న బండి టైర్లు అరక్కుండానే పగుళ్లిస్తాయి. బీమా తీసుకునేటప్పుడు అందులోనే కాపురం ఉంటామని ముందే చెప్పాలి. కొన్ని పాలసీలు సెలవుల వాడకానికే వర్తిస్తాయి.

బరువు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. బండికి అనుమతించిన మొత్తం బరువులోంచి దాని సొంత బరువు తీసేస్తే మిగిలేదే మన వాటా. నీళ్లు లీటరుకు ఒక కిలో. 150 లీటర్ల ట్యాంకు నింపితే 150 కిలోలు అక్కడే పోయాయి. తెలుగు కథల పుస్తకాల పెట్టె వదిలేద్దామన్నారు మావారు. తూచితే 22 కిలోలు. నా బట్టలు సగానికి తగ్గించి పుస్తకాలు ఉంచాను. ఆ విషయంలో నాకు ఇప్పటికీ రెండో ఆలోచన లేదు.

చివరికి ఒక బండి కుదిరింది. కొనేముందు ఒక రాత్రి అందులో పడుకుంటామని అడిగితే యజమాని ఒప్పుకున్నారు. నీటి పంపు చప్పుడు, హీటరు పనితీరు, బ్యాటరీ తెల్లవార్లూ ఆగుతుందో లేదో అన్నీ ఆ రాత్రే తెలిశాయి. పొద్దున్న పాప బంకు మీద నుంచి తల బయటపెట్టి, "రాత్రి నువ్వూ నాన్నా మాట్లాడుకున్నవన్నీ నాకు వినిపించాయి" అంది. పాత ఇంట్లో తన గది తలుపు దాటి మా మాటలు వెళ్లేవి కావు. అర్థం కాని మాటలు మూడున్నాయని చెప్పి, ఒక్కొక్కటే అడిగింది. వాటిలో ఒకటి 'బయానా'. దాని అర్థం చెప్పాను. మధ్యాహ్నం పాపను కూడా తీసుకెళ్లి బయానా ఇచ్చి వచ్చాం.