రాహుకాలం ఏ ఊరిది?

“సోమవారం కదా నాన్నా, తొమ్మిది దాటాకే సంతకం పెట్టు” అని ఇంటినుంచి ఫోనొస్తుంది. డిసెంబరులో లండన్‌లో ఉద్యోగంలో చేరేవాళ్లు ఆ మాట పట్టుకుని తొమ్మిదీ పదికి పెడతారు. అది సరిగ్గా రాహుకాలమేనని పురోహితుడెవరో మందలిస్తే గుండె జారిపోతుంది.

సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అన్నది ఆరింటికి తెల్లారి ఆరింటికి పొద్దుగూకే చోటి లెక్క. అసలైతే పగటిని ఎనిమిది భాగాలు చేయాలి. సోమవారం రెండో భాగం, శనివారం మూడు, శుక్రవారం నాలుగు, బుధవారం ఐదు, గురువారం ఆరు, మంగళవారం ఏడు, ఆదివారం చివరిది. డిసెంబరు 21 ప్రాంతంలో లండన్‌లో సూర్యోదయం 8:04కి, అస్తమయం మధ్యాహ్నం 3:53కి. భాగం గంట కూడా ఉండదు. సోమవారం రాహుకాలం సుమారు 9:03 నుంచి 10:01 దాకా. జూన్ 21కి పొద్దు 4:43కే పొడిచి రాత్రి 9:21 దాకా ఉంటుంది, భాగం రెండు గంటలు దాటుతుంది. అప్పుడు సోమవారం రాహుకాలం తొమ్మిదిలోపే అయిపోతుంది.

తిథి దగ్గర ఇంకో చిక్కు. అది మారే క్షణం లోకమంతా ఒకటే, గడియారాలే వేరు. మనవైపు మంగళవారం ఉదయం పదింటికి వెళ్లిపోయే తిథి చలికాలం లండన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లిపోతుంది. సూర్యోదయానికున్న తిథినిబట్టి చేసే పండగ మనవైపు మంగళవారమైతే లండన్‌లో సోమవారమే రావచ్చు. దానికి ఊళ్లోవాళ్లు “అక్కడికెళ్లి తోచినరోజు చేసుకుంటున్నారు” అంటారు. సెలవు చూసుకుని పండగని శనివారానికి మార్చుకునేవాళ్లు లేరని కాదు. కానీ నిమిషాలతో సహా లెక్క చూసుకుని చేసినవాళ్లనీ ఆ గాటనే కట్టేస్తే చాలా నొప్పిగా ఉంటుంది.

వచ్చిన కొత్తలో పెట్టెలో తెచ్చుకున్న క్యాలెండరే వేదం, ఊళ్లో ఉన్నప్పుడు కూడా అంత పట్టింపు ఉండదు. మందలింపు తిన్నాక ఫోన్లోని పంచాంగంలో ఊరు మారుస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఇల్లు కొనడానికి, పెళ్లికి, బారసాలకి తప్ప తెరవరు. రోజువారీ పనులకి చూడడం ఎప్పుడు మానేశారో వాళ్లకే గుర్తుండదు.

చూసేవాళ్లు మాత్రం కాగితం మీద రాసుకున్న పట్టికని మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం సరిచేసుకోవాలి. లండన్‌లో ఆ రెండు ఆదివారాలూ గడియారం గంట జరుగుతుంది, సూర్యుడు జరగడు.