సేల్స్ మనిషికి యార్డులో ఏం పని?

దుబాయ్‌లో పడవలు అమ్ముతానని చెబితే హైదరాబాద్‌లో అందరికీ ముందు గుర్తొచ్చేది నీళ్లే. ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు కూడా మా మేనత్త అడిగిన మొదటి మాట, "నీకు ఈతొస్తదా బిడ్డా?" అని. ఆమె తప్పు కాదు. మనకు పడవ ప్రమాదమంటే హుస్సేన్ సాగరే కదా. 1990లో బుద్ధుడి విగ్రహాన్ని తీసుకెళ్తుంటే పడవ ఒరిగి మనుషులు పోవడం, రెండేళ్లకు పైగా ఆ విగ్రహం నీళ్లలోనే ఉండిపోవడం మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా పనిలో మాత్రం నీళ్ల కంటే నేలతోనే భయం. అమ్మకానికి పెట్టిన పడవ చాలా కాలం ఒడ్డు మీదే, పడవలు నిలబెట్టే యార్డులో ఉంటుంది. బరువంతా కింద వేసిన దుంగల మీద మోపి, ఒరిగిపోకుండా రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెడతారు. ఎదురెదురు స్టాండ్లను పడవ కింద నుంచి గొలుసుతో కలిపి కట్టాలి. లేకపోతే కదలికకు అవి మెల్లగా బయటికి జారతాయి. దుమ్ము పడకుండా పడవ మీద కప్పే పరదా తాడును ఆ స్టాండ్లకు కట్టడం ఇంకో పిచ్చి పని. గాలికి పరదా ఉబ్బిందంటే స్టాండునే లాగేస్తుంది. అయినా కడతారు, చేతికి అందేది అదే కాబట్టి.

ఈ సంగతులన్నీ యార్డు కుర్రాళ్లకు చెబుతారు. వాళ్లకు హెల్మెట్లు, బూట్లు, నెలనెలా క్లాసు. సేల్స్ వాళ్లకు మాత్రం టై, నున్నటి తోలు బూట్లు. కస్టమర్ "పైకెక్కి చూద్దాం" అనగానే ఆ బూట్లతోనే నిచ్చెన ఎక్కాలి. పెద్ద పడవైతే డెక్, అంటే మనం నిలబడే పైభాగం, మన పాత ఇళ్ల మేడంత ఎత్తులో ఉంటుంది. మెరవాలని పొద్దున్నే కడిగి పాలిష్ కొట్టిన ఫైబర్ మీద తోలు బూటు ఎంత పట్టు ఇస్తుందో చెప్పక్కర్లేదు.

నాతో పనిచేసిన నల్గొండ అబ్బాయి అలాగే పడ్డాడు. నిచ్చెన పైచివర కట్టలేదు. దిగేటప్పుడు అది పక్కకు జారింది. కాంక్రీటు మీద కాళ్లతోనే పడ్డాడు, మడమ ఎముక విరిగింది. కంపెనీ రిపోర్టులో ఏం రాసిందంటే, సేల్స్ మనిషికి యార్డులో ఏం పని అని! పంపింది మేనేజరే. అదృష్టం, "కస్టమర్‌ను తీసుకెళ్లి పడవ చూపించు" అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఫోన్‌లో ఉంది. డ్యూటీలో జరిగిన ప్రమాదమని తేలితే యూఏఈ చట్టం ప్రకారం వైద్యం ఖర్చు యజమానిదే. కోలుకునేదాకా ఆరు నెలల వరకు పూర్తి జీతం, అప్పటికీ కోలుకోకపోతే ఇంకో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. ఆ ఒక్క మెసేజ్ లేకపోతే ఏమయ్యేదో.

ఇంజిన్ సంగతి ఇంకోటి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అందుకే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ఇంజిన్ లోపల ఉండే పడవలో తాళం తిప్పే ముందు ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, బ్లోయర్, కనీసం నాలుగు నిమిషాలు నడపాలి, తర్వాత ముక్కుతో వాసన చూసుకోవాలి. కస్టమర్‌కు ఆ నాలుగు నిమిషాలు ఆగే ఓపిక ఉండదు. నేను ఆ టైములో ఈఎంఐ లెక్క మొదలుపెడతాను. అంకెలు విన్నాక వాళ్లే తాళం సంగతి మర్చిపోతారు.

ఎండ గురించి ఎక్కువ చెప్పను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు బయట ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. యార్డు పని ఆగుతుంది. కస్టమర్ ఆ టైముకే వస్తే సేల్స్ వాడు ఆగడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా బాబాయి కొడుకు ఇదే లైనులోకి వస్తున్నాడు. "జీతం ఎంతిస్తారు అన్నా, రూమ్ షేరింగా" ఇవే వాడి ప్రశ్నలు. ఆఫర్ లెటర్ తెమ్మని చూశాను. ఉద్యోగం పేరు సేల్స్ ఎగ్జిక్యూటివ్, పని చోటు షోరూమ్. యార్డు మాటే లేదు. పైగా వాడు డిగ్రీ చదివాడు కాబట్టి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. క్లియరెన్స్ కావాల్సిన కూలీలకు, మేస్త్రీలకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. చదువుకున్నవాడికి ఆ తప్పనిసరి లేదు. చదువుకున్నందుకు వాడికి దక్కింది ఇదన్నమాట.

లెటర్‌లో పని చోటు దగ్గర యార్డు, మెరీనా (పడవలు కట్టే రేవు) అని కూడా చేర్చమని మెహదీపట్నంలోని కన్సల్టెన్సీకి నా ముందే ఫోన్ చేయించాను. "సేల్స్ వాళ్లకు ఇవన్నీ ఎవరూ అడగరు సార్" అన్నారు. అదే మాట వాళ్లకు మెయిల్‌లో పెట్టమని మావాడితో అన్నాను. పెట్టాడు. వచ్చే వారం వాడి మెడికల్. జవాబు ఇంకా రాలేదు.