కలివికోడి స్టాంపు మీద దాని సొంత నేల ముద్ర: నా అనుభవం

రెండో కవరు ఈరోజే ఇంటికొచ్చింది. మొదటి కవరు తెచ్చిపెట్టిన కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

ఇరవై ఏళ్లుగా పక్షుల స్టాంపులు కూడబెడుతున్నా. 1968 నాటి నాలుగు, 1975లో వచ్చిన పొన్నంగి పిట్ట సెట్టు, 2010 పిచ్చుక, పావురం అన్నీ ఉన్నాయి. మనసుకు దగ్గరది మాత్రం 1988లో వచ్చిన రూపాయి కలివికోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న పక్షి 1986లో మన కడప జిల్లాలో లంకమల వైపు మళ్లీ కనిపించింది. రెండేళ్లకే స్టాంపు వేశారు. దాని మీద ఆ నేల పోస్టాఫీసు ముద్ర పడాలని ఎప్పటి నుంచో కోరిక.

వాడని స్టాంపులు పది సంపాదించా. మామూలు ఉత్తరానికి ఐదు రూపాయలు కదా, కవరుకు ఐదేసి అంటించి, నా అడ్రసే రాసుకుని బస్సెక్కా.

మొదటి ఊళ్లో కౌంటరు దగ్గర ఒక కవరిచ్చి, "సార్, తేదీ ముద్ర కాస్త నీట్‌గా కొట్టండి" అన్నా. ఆయన దాన్ని ట్యూబ్‌లైటుకేసి ఎత్తి చూశాడు.

"యాడ పీకినారు ఇవి? పాత స్టాంపులు కడిగి అంటిస్తే మాకు తెలీదనుకున్యారా?"

వెనక లైన్లో ఉన్న పదిమందీ నన్నే చూశారు. దొంగని పట్టుకున్నట్టే ఉంది ఆ చూపు. వాడనివే సార్, రూపాయి స్టాంపు ఎప్పటికైనా రూపాయే అని చెప్తూనే ఉన్నా. వినకుండా బొటనవేలి గోటితో ఒకదాని అంచు గీకాడు. స్టాంపు అంచున రంపంలా ఉండే పళ్లలో రెండు ఊడిపోయాయి. ఆఖరికి జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఐదింటి మీదుగా ఒకటే గీత గీకి, కవరు పక్కన పడేశాడు. కలివికోడి కంటి మీద తెల్లచార ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీదుగా పోయింది నీలం గీత. ముప్పై ఏళ్లకు పైగా ఎవరో చెక్కుచెదరకుండా దాచిన స్టాంపు అది. ఉత్తరం ఎక్కడ, ఎప్పుడు బయల్దేరిందో చెప్పే సాక్ష్యం తేదీ ముద్ర. అది కొట్టడానికే కదా ఆయనకు జీతం!

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లు షీటు అంచు కాగితం అంటుకుని ఉన్న స్టాంపులే వాడండి, అప్పుడు కడిగినవని ఎవడూ అనలేడు. కవర్లో పలచని అట్ట పెడితే ముద్ర సమంగా పడుతుంది. బాల్‌పెన్ను చేతిలోకి తీసుకున్న మనిషి కనిపిస్తే కవరు లాక్కుని వచ్చేయండి, మొహమాటం వద్దు.

రెండోది ఇంకా చిన్న పోస్టాఫీసు. పోస్ట్‌మాస్టరమ్మ స్టాంపు చూడగానే, "మన కలివికోడి కదన్నా ఇది!" అంది. ముద్రను ముందు చిత్తుకాగితం మీద రెండుసార్లు కొట్టి, ఎక్కువున్న ఇంకు పోగొట్టింది. తర్వాత ఒక్కో స్టాంపు మూలకి ఆనించి, మెల్లగా అదిమింది.

మొదటి కవరు ఇంకా చేరలేదు. దీని మీద మాత్రం ఐదు ముద్రల్లోనూ ఊరి పేరు, తేదీ అక్షరం అక్షరం చదవొచ్చు. ఒక్క కోడి ముక్కుకి కూడా ఇంకు తగల్లేదు.