మానేసి వచ్చాకే అసలు టెన్షన్

మత్తు అలవాటున్నవాళ్ల కుటుంబాలు కలిసి పెట్టుకున్న బృందానికి కొంతకాలంగా వెళ్తున్నాను. అక్కడ ఎవరూ ఎవరికీ నీతులు చెప్పరు. (అవి ఇంట్లో ఎలాగూ దొరుకుతాయి.)

నన్ను బాగా కుదిపిన విషయం ఒకటుంది. డీఅడిక్షన్ సెంటర్ నుంచో, జైలు నుంచో బయటికొచ్చిన తొలి వారాలే చాలా ప్రమాదం. కొన్నాళ్లు మానేసరికి శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. హెరాయిన్ లాంటిది మళ్లీ పాత మోతాదులో తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. "గండం గడిచింది" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేదీ సరిగ్గా అప్పుడే.

హెరాయిన్ లాంటివి మోతాదు మించి శ్వాస ఆగిపోతుంటే, ఆ ప్రభావాన్ని తిప్పికొట్టే మందు నలోక్సోన్. దాని స్ప్రే వాడటం నేర్చుకున్నాం. తల కాస్త వెనక్కి వంచి, ముక్కులో పెట్టి ఒక్క నొక్కు. రెండు మూడు నిమిషాల్లో శ్వాస కుదుటపడకపోతే ఇంకో డోసు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, అందుకే అంబులెన్స్‌కి ఫోన్ చేయడం తప్పనిసరి. మద్యానికి, గంజాయికి అది పనిచేయదు.

మద్యం సంగతి వేరు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లతో ఉన్నపళంగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఒట్లు వేయించుకునే ముందు డాక్టర్‌ని కలవాలి.

"ఇవన్నీ నేర్పితే వాడకం పెరగదా?" అని ఒక పెద్దాయన అడిగారు. ఒకప్పుడు తానూ వాడి మానేసిన అక్క, "బతికుంటేనే కదండీ మానేది" అంది. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, కానీ వస్తున్నారు.

కొత్తగా బయటికొచ్చినవాళ్లకి తొలి నెలంతా రోజూ ఫోన్ చేయాలని వంతులు వేసుకున్నాం. నాకు రాత్రి వంతు పడింది.