మాంత్రో ఒడ్డున పర్పుల్ పంచాయితీ

"ముందే చెప్తున్నా, ఇవాళ నా దగ్గర గిలన్ భజన చెయ్యకు" అన్నాడు బావ, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో రైలు కదలగానే.

డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. ఈ బ్యాండ్‌లో మనుషులు మారినప్పుడల్లా అభిమానులు ఒక నంబరు తగిలించుకున్నారు. గాయకుడు గిలన్, బేస్ గ్లోవర్, గిటార్ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, డ్రమ్స్ ఇయన్ పెయిస్ కలిసి ఉన్నది మార్క్ టూ. 1973లో గిలన్, గ్లోవర్ వెళ్ళిపోయాక కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చి చేరితే అది మార్క్ త్రీ. నాది మార్క్ టూ, బావది మార్క్ త్రీ. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ ఈ గొడవ ఉంది. అక్కని చేసుకున్నాక కూడా తగ్గలేదు సరికదా, ఇప్పుడు మధ్యలో అక్క కూడా నలుగుతోంది.

విశాఖలో మా ఇద్దరికీ కలిపి ఒకటే టేప్‌రికార్డర్. షాపులో ఖాళీ క్యాసెట్ ఇస్తే అడిగిన ఆల్బమ్ ఎక్కించి ఇచ్చేవాళ్ళు. నలభై అయిదు నిమిషాలు పట్టే వైపున మార్క్ టూ ఆల్బమ్ 'మెషీన్ హెడ్' మొత్తం సరిపోయేది, మిగిలిన కాస్త జాగాలో షాపువాడు తనకి నచ్చిన ఏదో హిందీ పాట పడేసేవాడు. ఇప్పటికీ 'స్పేస్ ట్రకిన్' అయిపోగానే నా చెవి ఆ హిందీ పాట కోసం ఎదురుచూస్తుంది. రెండో వైపు బావ మార్క్ త్రీ వాళ్ళ 'బర్న్' ఎక్కించుకున్నాడు. క్యాసెట్ ఒకటే, వైపులు వేరు.

ఆ రెండు ఆల్బమ్‌లూ ఒకే ఊళ్ళో పుట్టాయి. ఆ ఊరే మాంత్రో. బావ ఉద్యోగం లోజాన్‌కి మారిందని తెలిసిన రోజే నేను వీసా కాయితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను. డిసెంబరులోనే వస్తానని పట్టుబట్టాను కూడా. వేసవిలో రమ్మని, పూలు బాగుంటాయని అక్క ఎంత చెప్పినా వినలేదు. 'మెషీన్ హెడ్' రికార్డయింది 1971 డిసెంబరులో మరి.

కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే సరస్సు దారి పొడుగునా కనిపిస్తుంది. జెనీవా సరస్సు అని మనం అంటాం, ఇక్కడివాళ్ళకి లేమాన్. ఎడమవైపు లావో ద్రాక్షతోటలు మెట్లు మెట్లుగా కొండెక్కుతుంటాయి. ఆకులన్నీ రాలిపోయి రాతిగోడలే మిగిలాయి. వీవే దాటిన కాసేపటికే మాంత్రో. ఫ్రెంచ్ పేర్లు పలికే విషయంలో బావ నన్ను సరిదిద్దుతూనే ఉన్నాడు, అది వేరే కథ.

స్టేషన్ నుంచి మెట్లు దిగి ఒడ్డుకి రాగానే క్రిస్మస్ సంత. నీటి వెంబడి చెక్క కొట్లు వరసగా కట్టేశారు. కరిగించిన చీజ్ వాసన, మసాలా వేసి కాచిన వైన్ వాసన. అక్క ముఖం వెలిగింది. "మీరు మీ రాళ్ళూ రప్పలూ చూసుకోండి, నేనిక్కడే ఉంటా" అంది. సంత మొదట్లోనే క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ విగ్రహం ఉంది. సరస్సు వైపు తిరిగి, పిడికిలి పైకెత్తి నిలబడి ఉంటాడు. ఇరీనా సెడ్లెత్స్కా చేసిన కంచు విగ్రహం, 1996లో పెట్టారు. పాదాల దగ్గర ఎవరో ఒకరు పూలు పెడుతూనే ఉంటారు. అక్కకి తెలిసిన రాక్ బ్యాండ్ ఇదొక్కటే కాబట్టి ఫోటోలు తీసుకున్నాం. క్వీన్ వాళ్ళు ఇక్కడ స్టూడియోయే కొనేశారు. వాళ్ళ కథ వాళ్ళ అభిమానులు రాసుకుంటారు లెండి, మేం వచ్చిన పని వేరు.

క్యాసినో ఇప్పుడున్నది కొత్త కట్టడం. పాతది కాలిపోయాక 1975లో కట్టారు. లోపల ఆటల యంత్రాలు, బయట కార్లు. ఫలానా చోట ఇది జరిగింది అని మనసులో బొమ్మ కట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఆ లోటు బావ తీర్చాడు. గోడ పక్కన నిలబెట్టి మరీ చెప్పాడు, నాకు తెలియనట్టు.

పర్పుల్ వాళ్ళు అసలు ఈ క్యాసినోలోనే రికార్డ్ చేయాలనుకున్నారు. చలికాలం మరమ్మతులకి మూసేస్తారు కాబట్టి హాలంతా వాళ్ళదే. రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగ్ లారీ అద్దెకి తెచ్చుకున్నారు. మూసేముందు చివరి కచేరీ అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పాది, డిసెంబరు 4న. సింథసైజర్ సోలో నడుస్తుండగా ప్రేక్షకుల్లో ఎవడో ఫ్లేర్ గన్, అంటే మండే రవ్వని ఎగరేసే తుపాకి, కప్పులోకి పేల్చాడు. కప్పు అంటుకుంది. జాజ్ ఫెస్టివల్ నడిపే క్లాడ్ నోబ్స్ పరుగెత్తి లోపలున్న పిల్లల్ని బయటికి లాగాడు. ఈ మంట మీద పర్పుల్ వాళ్ళు కట్టిన పాటలో ఫంకీ క్లాడ్ అన్నది ఈయన్నే. క్యాసినో బూడిదైనా ప్రాణాలు మాత్రం పోలేదు. మన బ్యాండ్ వాళ్ళు హోటల్ కిటికీలోంచి చూస్తుంటే పొగ నీటి మీద పరుచుకుంది. కొద్దిరోజులకి రోజర్ గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ 'స్మోక్ ఆన్ ద వాటర్' అన్నాడట, అదే ఆ పాట పేరయింది.

"ఊరు తగలబడితే ఆల్బమ్ చేసినవాళ్ళు మీవాళ్ళు. రెండేళ్ళ తర్వాత ఇదే ఊరికొచ్చి, అగ్గిపుల్ల కూడా గీయకుండా, దర్జాగా 'బర్న్' అని పేరు పెట్టుకుని వెళ్ళినవాళ్ళు మావాళ్ళు" అన్నాడు బావ. ఈ మాట కోసం రైల్లోంచీ కాచుకుని ఉన్నాడని అర్థమైంది. నిజమే, 'బర్న్' కూడా 1973 నవంబరులో ఇక్కడే, అదే లారీతో రికార్డయింది. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఒడ్డునే ఆ పాటకి చిన్న స్మారకం ఉంది. బ్యాండ్ పేరు, పాట పేరు, ఆ ప్రసిద్ధమైన రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) స్వరాలు లోహంలో. ఇంజనీరింగ్ హాస్టళ్ళలో గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి వారంలో వాయించి పక్కగదుల వాళ్ళ చేత తిట్లు తిన్న రిఫ్ ఇది. చేతిలో ఏదో కాగితం పొట్లంతో అక్క కూడా అక్కడికి వచ్చి చేరింది. అక్క వీణ నేర్చుకుంది, ఏడెనిమిదేళ్ళు. బావని హమ్ చెయ్యమని, కాసేపు విని, స్వరాలు పాడేసింది: స గ మ, స గ మ మ, స గ మ, గ స. గాంధారం సాధారణం.

"రెండో వరసలో ప్రతిమధ్యమం తగిలి, వెంటనే శుద్ధమధ్యమానికి దిగుతోంది. రెండు మధ్యమాలూ పక్కపక్కనే. మా మేస్టారు వింటే వీణ లాక్కునేవారు" అంది.

ఇన్నేళ్ళుగా వింటున్నా ఆ పాటలో విరుపు ఎక్కడుందో నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రతిమధ్యమం తీసేసి పాడుకుని చూడండి, పాట బాగా చదువుకున్న కుర్రాడిలా బుద్ధిగా అయిపోతుంది. బ్లాక్‌మోర్ దాన్ని మీటుపలకతో గీరకుండా రెండు తీగల్ని వేళ్ళతో ఒకేసారి లాగుతాడు. హాస్టల్ గిటారిస్టుల్లో నూటికి తొంభైమంది చేసే తప్పు అక్కడే.

అక్కని మళ్ళీ సంతకి పంపేసి మేం తెరితే అనే పేట వైపు నడిచాం. అసలు నేను చూడాలనుకున్నది అక్కడుంది. క్యాసినో పోయాక బ్యాండ్ ముందు పెవిలియన్ అనే థియేటర్లో సామాను దించుకుంది. 'స్మోక్' వాయిద్యాల ట్రాక్ అక్కడే, రాత్రిపూట వాయించారు. ఊరు ఊరంతా నిద్ర లేచింది, పోలీసులొచ్చారు. టేక్ పూర్తయ్యేదాకా పనివాళ్ళు తలుపులు లోపల్నుంచి అదిమిపట్టుకుని నిలబడ్డారు. ఆ మర్నాడు అక్కడ్నుంచి గెంటివేత. చివరికి దొరికింది తెరితేలో చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్.

ఒడ్డు వెంబడి నడక బాగుంటుంది. ఎదురుగా నీటికి అవతల మంచు కొండలు, పళ్ళలా నిలబడ్డ దాన్ దు మిది శిఖరాలు. గాలి మాత్రం చెవులు కోసేస్తుంది. తెరితే చేరేసరికి బావ ముక్కు ఎర్రబడింది. హోటల్ భవనం పెద్దది, పాతకాలపు దర్జా. ఇప్పుడు లోపల కాపురాలున్నాయి. బాల్కనీలో ఒకావిడ దుప్పటి దులుపుతోంది. మేం రోడ్డు మీద నిలబడి ఆవిడ బాల్కనీ వైపు గుడ్లప్పగించి చూస్తుంటే, ఆవిడా మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళు గదిలో కాదు, నడవాలో రికార్డ్ చేశారు. ఖాళీ హోటల్ కదా, గదుల్లోంచి పరుపులు తెచ్చి శబ్దం తిరగకుండా నడవాకి అడ్డం నిలబెట్టారు. లారీ బయట. వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే పడకగదుల్లోంచి, బాల్కనీల మీదుగా, చలిలో చుట్టూ తిరిగి లారీ దాకా రావాలి. నాలుగైదుసార్లు తిరిగాక విసిగిపోయి, వినడమే మానేశారు. బాగా వాయించామనిపిస్తే సరే, తర్వాతి పాట. డిసెంబరు 6 నుంచి 21 లోపల ఆల్బమ్ అయిపోయింది.

నా వాదన అంతా ఈ నడవా మీదే నిలబడి ఉంది. 'మెషీన్ హెడ్' అంత పొడిగా, అంత సూటిగా ఉండటానికి కారణం వెనక్కి వినే అవకాశం లేకపోవడమే. అంతకుముందు ఆల్బమ్ 'ఫైర్‌బాల్' కచేరీల మధ్య దొరికిన సందుల్లో చేసింది, అది వింటే తెలిసిపోతుంది. ఇక్కడ అయిదుగురూ ఒకచోట ఇరుక్కుని, ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు వాయించుకున్నారు. 'లేజీ' మొదట్లో లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని గిటార్ ఆంప్లిఫయర్లోంచి పంపి గురగురలాడిస్తాడు చూడండి, అది చలికి వేళ్ళు కొంకర్లుపోయిన మనిషి వాయింపులా ఉండదు. అసలు ఈ ఊరి పాట 'స్మోక్' కాదు, 'పిక్చర్స్ ఆఫ్ హోమ్' అని నా అభిప్రాయం. కొండల మధ్య ఇల్లు గుర్తొచ్చే మనిషి పాట. పెయిస్ డ్రమ్స్‌తో మొదలై, మధ్యలో గ్లోవర్ బేస్ ఒంటరిగా నడుస్తుంది. తెరితే రోడ్డు మీద చెవిలో పెట్టుకుని విన్నాను.

"అంత గొప్ప చెవులే ఉంటే, 'నెవర్ బిఫోర్' హిట్టవుతుందని ముందు సింగిల్‌గా ఎందుకు వదిలారో?" అన్నాడు బావ. ఇది మాత్రం దెబ్బ. అమెరికాలో 'స్మోక్' సింగిల్‌గా వచ్చింది 1973లో. అప్పుడది బిల్‌బోర్డ్ పాటల పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది. చేసినవాళ్ళకే తమ చేతిలో ఏముందో తెలియలేదు. పైగా 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్' లాంటి పాటని ఆల్బమ్‌లోంచి తీసేసి, ఆ సింగిల్ వెనకవైపు పడేశారు. బ్లాక్‌మోర్‌కి నచ్చలేదంటారు. దీని గురించి మాట్లాడితే మార్క్ టూ పార్టీలోనే చీలిక వస్తుంది, నేనెత్తలేదు.

తిరుగుదారిలో బావ వంతు. కవర్‌డేల్ అప్పటికి బట్టల కొట్టులో పనిచేసే కుర్రాడు. ఆడిషన్ కొచ్చి, కొన్ని నెలల్లో ప్రపంచంలో అతిపెద్ద బ్యాండ్లలో ఒకదానికి గాయకుడయ్యాడు. 'బర్న్' మొదటి పాటలో లార్డ్ సోలో ఒక్కటి చాలు, బాఖ్ దిగొచ్చాడు, అన్నాడు. ఆ సోలో విషయంలో నాకూ పేచీ లేదు. 'మిస్ట్రీటెడ్' విషయంలోనూ లేదు. కానీ ఆల్బమ్ రెండో సగం? అక్కడ బావ సరస్సు చూడటం మొదలుపెట్టాడు.

సంతలో అక్క ఆకలితో ఉంది. చీజ్ కరిగించి బంగాళాదుంప మీద గీకి ఇచ్చే రాక్లెట్ తిన్నాం, పైన మిరియాలు ఎంత జల్లుకున్నా కారం చాల్లేదు. చీకటి పడగానే సరస్సు పైన తీగల మీద శాంతాక్లాజ్ బండి ఎగిరింది, పిల్లలంతా అరిచారు. మేం ఆ అరుపుల మధ్య, 'బర్న్' తర్వాతి ఆల్బమ్ 'స్టార్మ్‌బ్రింగర్' మీద ఉన్నాం. బ్లాక్‌మోర్ స్వయంగా ఆ సోల్, ఫంక్ వాసన భరించలేక 1975లో బ్యాండ్ వదిలేసి వెళ్ళి రెయిన్‌బో పెట్టుకున్నాడు. "మీ ఆల్బమ్ దెబ్బకి బ్యాండ్ పెట్టినవాడే పారిపోయాడు బావా" అన్నాను. "పోతే పోయాడు, టామీ బోలిన్ వచ్చాడుగా" అని 'కమ్ టేస్ట్ ద బ్యాండ్' ఎత్తుకున్నాడు. ఆ ఆల్బమ్‌ని ఇష్టపడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు, లోజాన్‌లో బావ.

తిరుగు రైల్లో రాజీ ఒక్కచోటే కుదిరింది: 'మేడ్ ఇన్ జపాన్'. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో పట్టిన కచేరీలు. తెరితే నడవాలో పుట్టిన పాటలు అక్కడ ఎంత పొడుగు సాగాయంటే, నాలుగున్నర నిమిషాల 'స్పేస్ ట్రకిన్' ఒక రికార్డు వైపు మొత్తం మింగేసింది. మార్క్ టూ అయినా సరే, దీనికి బావ కూడా తలొంచుతాడు. ఆ ఊపులో ఒసాకా విమానం టిక్కెట్లు ఎంతుంటాయో ఫోన్లో చూడబోయాడు.

అక్క ఫోన్ లాక్కుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.